గేమ్ మధ్యలో పీసీ బంద్ అవుతోందా? గోడ సాకెట్ దగ్గర మొదలుపెట్టండి

గేమింగ్ పీసీలో ఏ తేడా వచ్చినా అనుమానం ముందు గ్రాఫిక్స్ కార్డు మీదికే పోతుంది. దాన్ని ఊడదీసి, సంచిలో పెట్టుకుని, బస్సెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దాకా మోసుకెళ్తారు. అక్కడ చల్లటి షాపులో, నిలకడైన కరెంటు మీద అది శుభ్రంగా నడుస్తుంది. ఇంటికి తెచ్చి బిగిస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

నల్లగొండ, పాలమూరు వైపు పీసీ ఆయుష్షు తగ్గించేవి మూడు: నిలకడలేని కరెంటు, ఎండ, దుమ్ము. సెకనుకు పది ఫ్రేములు (తెర మీది బొమ్మలు) ఎక్కువిచ్చే కార్డు కోసం, పీసీ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో, క్యాబినెట్‌లో, మదర్‌బోర్డులో డబ్బులు తగ్గించుకున్నవాళ్లకు ఈ మూడూ తొందరగా తగులుతాయి. కాబట్టి ఒక్కో సమస్యకు ఇప్పుడు ఏం చేయాలో, కొత్తగా కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కలిపే రాస్తున్నాను.

గేమ్ పెట్టగానే టక్కున ఆగి, దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది

"అన్నా, సినిమా చూస్తే ఏం గాదు, గేమ్ వెట్టంగనే బందైతది." ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ రాదు. పీసీలో జరిగినవన్నీ రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం కెర్నెల్ పవర్ 41 అని ఉంటుంది. పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అనే దానికి మించి అది ఏమీ చెప్పదు. దాన్ని పట్టుకుని విండోస్ మళ్లీ ఎక్కించడం వృథా.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్. గ్రాఫిక్స్ కార్డు సగటున తినే కరెంటు వేరు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఒక్కసారిగా గుంజే కరెంటు వేరు. ఆ గుంజుడుకు తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఈ గుంజుడును తట్టుకోవాలని విడిగా నియమం పెట్టారు. కొత్తది కొంటే ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని రాసి ఉన్నదే తీసుకోండి. 80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ అనే గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, లోపలి రక్షణ సర్క్యూట్లు ఎంత గట్టివో చెప్పదు.

రెండో కారణం మన దగ్గర చాలామంది పట్టించుకోనిది. ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ చదవండి. మంచి వాటి మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటుంది. తక్కువ ధర మోడళ్లలో కొన్నింటి మీద 200-240 అని ఉంటుంది. బోరు మోటర్లు నడిచే వేళ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇంట్లో 230 రావాల్సిన చోట 180 వస్తే, ఈ రెండో రకం గేమ్ లోడు పడగానే చేతులెత్తేస్తుంది. పొద్దున బాగా నడిచి సాయంత్రం ఆగిపోతోందంటే దాదాపు ఇదే.

పరిష్కారం: మామూలు మల్టీమీటర్ తెచ్చుకుని ఏసీ వోల్టేజి మీద పెట్టి, సమస్య వచ్చే వేళలోనే సాకెట్‌లో కొలవండి. 200 కంటే దిగువకు పడుతుంటే, ఎస్‌ఎంపీఎస్ మార్చే స్తోమత లేకపోతే, పీసీ లోడుకు సరిపోయే స్టెబిలైజర్ పెట్టండి. వోల్టేజి బాగానే ఉండి కూడా ఆగుతుంటే, కార్డుకు రెండు పవర్ ప్లగ్గులు ఉన్నప్పుడు వాటికి రెండు వేర్వేరు కేబుళ్లు ఇచ్చారేమో చూడండి. ఒకే కేబుల్‌కున్న రెండు తలలను గుచ్చి వదిలేయడం అసెంబ్లింగ్‌లో మామూలుగా జరిగే పొరపాటు. ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాతదాని మాడ్యులర్ (ఊడదీసి బిగించే) కేబుళ్లు కొత్తదానికి వాడకూడదు. ప్లగ్గు పట్టినా పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు. అలా ఉంటే ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవు), మదర్‌బోర్డు క్షణంలో కాలిపోవచ్చు.

ఎన్ని వాట్లు అంటారా? రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు ఉన్న పీసీకి 550 వాట్లు హాయిగా చాలు. రేపు పెద్ద కార్డు వేసుకునే ఆలోచన ఉంటే 750 తీసుకోండి. చాలామందికి అంతకు మించి అక్కర్లేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే పీసీ ఆగిపోతుంది

ఇళ్లలో వాడే ఇన్వర్టర్లలో చాలావాటి వెనక యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే బ్యాటరీ మీదికి మారడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. యూపీఎస్ వైపు ఉంటే పది చుట్టుపక్కల. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడేది నిండు లోడు మీద 12 నుంచి 17 మిల్లీసెకన్లే. స్విచ్ అటు నొక్కితే చాలా ఇళ్లలో గొడవ అక్కడితో తీరిపోతుంది. అయితే యూపీఎస్ మోడ్‌లో వోల్టేజి 180 కంటే దిగితే ఇన్వర్టర్ కరెంటును వద్దని బ్యాటరీ మీదికి వెళ్తుంది. లోవోల్టేజి ఊళ్లలో కరెంటు ఉండగానే బ్యాటరీ అయిపోవడానికి కారణం ఇదే. అలాంటి చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, పీసీకి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు. కరెంటును మెట్లు మెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం గేమింగ్ పీసీ నడపొద్దు. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లకు లైను కరెంటులా నునుపుగా ఉండే ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది

దీన్ని "కొంచెమే కదా" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి వదలొద్దు.

ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి పని కరెంటులోని రొదను ఎర్త్ తీగలోకి పంపడం. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ ఇనుము మీదే నిలిచి, సగం వోల్టేజి దాకా, అంటే 110 చుట్టుపక్కల చూపిస్తుంది. కరెంటు చాలా సన్నగా ఉంటుంది కాబట్టి ప్రాణాపాయం లేదు. కానీ ఇంట్లో ఎర్త్ లేదని అది చెప్పకనే చెబుతోంది. నిజంగా ఎక్కడైనా లైవ్ తీగ తగిలిన రోజు ఆ ఇనుము మొత్తం 230 మీద ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో గుయ్‌మనే శబ్దం, తరచూ కాలిపోయే యూఎస్‌బీ పోర్టులు కూడా చాలాసార్లు దీని చుట్టాలే.

పరీక్ష సులువే. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంత వస్తుందో, ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. తేడా ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గుంత చూపించండి. ఉప్పు, బొగ్గు పోసిన పాత గుంత ఎండాకాలంలో ఎండిపోతుంది. దానికి అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. నల్లగొండ, దేవరకొండ వైపు రెండడుగులు తవ్వితే రాయి తగిలే స్థలాల్లో మామూలు గుంత పనిచేయకపోతే కెమికల్ ఎర్తింగ్ వేయించండి. ఎస్‌ఎంపీఎస్ కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.

కొందరు పని తొందరగా అయిపోవాలని సాకెట్‌లోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. మీటరు అన్నీ బాగున్నట్టే చూపిస్తుంది. ఒప్పుకోవద్దు. బయట న్యూట్రల్ తెగిన రోజు మీ క్యాబినెట్ షాక్ కొడుతుంది. న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400 దాకా రావొచ్చు కూడా. అందుకే ఇంటి కరెంటు మీటరు తర్వాతి బోర్డులో ఓవర్-అండర్ వోల్టేజి ప్రొటెక్టర్ ఒకటి పెట్టించండి. పీసీతో పాటు ఫ్రిజ్, టీవీ కూడా బతుకుతాయి.

పది పదిహేను నిమిషాలు బాగా ఆడి, తర్వాత ల్యాగ్ మొదలవుతుంది

ఇది వేడి. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటడం వింత కాదు. రేకుల ఇంట్లో, ఎండ పడే మిద్దె గదిలో లోపల కూడా చల్లగా ఏమీ ఉండదు. గది పది డిగ్రీలు వేడెక్కితే పీసీ లోపలి భాగాలూ అంతే పైకి పోతాయి. చలి ప్రాంతాల్లో తీసిన వీడియోలు చూసి ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎంచుకుంటే ఇక్కడ తేడా కొట్టేది అందుకే.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి గేమ్ ఆడుతూ వేడి గమనించండి. రైజెన్ 7000 ప్రాసెసర్ల హద్దు 95 డిగ్రీలు, ఇంటెల్‌వి చాలావరకు 100. అక్కడ తగిలి స్పీడు తగ్గుతుంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ ఆడండి. వేడి ఒక్కసారిగా పడిపోతే తప్పు క్యాబినెట్‌ది, గాలి ఆడట్లేదు. పడకపోతే కూలర్ సరిగా కూర్చోలేదు, లేదా ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య పూసే పేస్టు ఎండింది, లేదా కూలర్ రేకుల్లో దుమ్ము పట్టింది.

మిర్యాలగూడలో రైస్‌మిల్లుకు దగ్గర్లో ఉన్న ఇంట్లో ఇలాంటి పీసీనే తెరిచాం. ముందు జాలీ మీద పలచటి దుమ్మే కనిపించింది. టవర్ కూలర్ ఫ్యాన్ విప్పితే, రేకుల మధ్య దుమ్ము, తవుడు కలిసి గొంగడిలా అట్టకట్టి ఉంది. ఇటు నుంచి టార్చి కొడితే అటు వెలుగు రాలేదు. ఫ్యాన్ సరిగ్గానే తిరుగుతోంది, గాలి మాత్రం దాటట్లేదు. మెత్తటి బ్రష్‌తో దులిపి, బ్లోయర్ కొట్టి, పేస్టు మార్చాక స్పీడు తగ్గడం ఆగింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, గిరగిరా తిరిగితే బేరింగు పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

కొనేటప్పుడు ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్ వద్దు. జాలీ ఉండాలి, దాని వెనక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి, లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి పంపేవాటికంటే ఒకటి ఎక్కువ ఉండాలి. అప్పుడు సందుల్లోంచి దుమ్ము పీల్చుకోదు. వెనక ఖాళీ స్లాట్లకు రేకు మూతలు బిగించండి. బల్లి లోపలికి దూరి షార్టు చేసిన బోర్డులు రిపేరు షాపుల్లో అరుదేమీ కాదు. పంపుతో ద్రవం తిప్పి ప్రాసెసర్‌ను చల్లబరిచే లిక్విడ్ కూలర్ల మీద మోజు అర్థమవుతుంది. కానీ పంపు ఆగితే మొత్తం మార్చాలి, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ద్రవం కూడా తగ్గుతుంది. పదేళ్లు నడవాలంటే ప్రాసెసర్ మీద ఫ్యాన్‌తో పనిచేసే ఎయిర్ కూలరే, ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు. గదిలోని నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీద పడకుండా చూసుకోండి.

ప్రాసెసర్ వేడి మామూలుగానే ఉండి కూడా స్పీడు పడిపోతుంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు పవర్ ఇచ్చే వీఆర్‌ఎం భాగం కాగుతుండొచ్చు. హెచ్610, ఏ620 లాంటి చవక బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ బిగిస్తే జరిగేది ఇదే. వీఆర్‌ఎం మీద వేడి లాగే లోహపు దిమ్మ (హీట్‌సింక్) లేని బోర్డు మన ఎండలకు పనికిరాదు.

ఉరుముల వాన తర్వాత నెట్ రావట్లేదు

స్తంభం మీది నుంచి ఇంటిదాకా రాగి ల్యాన్ (ఇంటర్నెట్) తీగ వస్తుంటే పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు మదర్‌బోర్డు మీద ల్యాన్ పోర్టు పోవచ్చు. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌తో పని జరుగుతుంది. ఫైబర్ కనెక్షన్‌కు మారండి, ఉరిమితే ప్లగ్గులు పీకండి.

"వీడియో మెమరీ సరిపోలేదు" అని గేమ్ క్రాష్ అవుతుంది

కార్డులో మెమరీ కావలసినంత ఉన్నా ఇలా వస్తుంటే, ప్రాసెసర్ ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అయితే, కార్డును నిందించకండి. ఆ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజి తీసుకుని అరిగిపోతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆ ఏడు ఆగస్టు, సెప్టెంబరుల్లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్ బయోస్‌ను అప్‌డేట్ చేయండి. అయితే అప్‌డేట్ ఇకపై జరిగే నష్టాన్నే ఆపుతుంది, జరిగినదాన్ని పూడ్చదు. క్రాష్‌లు ఆగకపోతే వారంటీలో ప్రాసెసర్ మార్పించుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో ఈ తరం కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కొత్త పీసీయే, ఫ్రేములు రావట్లేదు. లేదా అసలు డిస్‌ప్లేనే రావట్లేదు

మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా కార్డుకు గుచ్చారా? ర్యామ్ ఒకటే కర్ర ఉందా? రెండు ఉంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో ఉన్నాయా? ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో సెట్టింగ్ బయోస్‌లో ఆన్ చేశారా? నూటికి ఎక్కువ పాళ్లు ఇక్కడే దొరుకుతుంది. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ వాడే బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లటి స్క్రీనే చూపిస్తుంది, టెన్షన్ పడి మధ్యలో ఆపొద్దు. సీటీసీ నుంచి బస్సులో తెచ్చిన పీసీ అయితే కార్డును, ర్యామ్‌ను ఒకసారి తీసి మళ్లీ నొక్కి కూర్చోబెట్టండి. డీడీఆర్5లో నాలుగు కర్రలు వేస్తే స్పీడు తగ్గుతుంది, అందుకే మొదట్లోనే కావలసినంత రెండు కర్రల్లో తీసుకోవడం మంచిది.

నాలుగేళ్లకే పాతబడిపోయింది, ఏది మార్చాలన్నా అన్నీ మార్చాలంటున్నారు

ఇది కొన్న రోజే పడ్డ ముడి. 2017లో ఏఎండీ మొదటి రైజెన్‌తో ఏఎం4 (ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను అదే బోర్డులో బిగించుకోగలిగారు. దాని తర్వాతి సాకెట్ ఏఎం5ను కూడా కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. కాబట్టి ఇప్పుడు ఏఎం5లో మధ్యరకం ప్రాసెసర్, మంచి బీ650 బోర్డు తీసుకుని, తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే దారి ఉంచుకోండి. కార్డులో 8 జీబీ మెమరీ కొత్త గేముల్లో ఇప్పటికే ఇరుకవుతోంది, ఐదేళ్లు వాడాలంటే 12 లేదా 16 చూడండి. బడ్జెట్ సరిపోకపోతే కార్డే ఒక మెట్టు దిగండి. ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, బోర్డు మాత్రం దిగొద్దు. కార్డు మార్చడం పది నిమిషాల పని, మిగతావి మార్చాలంటే పీసీ మొత్తం విప్పాలి.

బిల్లు జీఎస్‌టీతో, ఒక్కో భాగం సీరియల్ నంబరుతో రాయించుకోండి. డబ్బాలు పారేయకుండా అటక మీద పెట్టండి. సాధారణంగా కార్డుకు మూడేళ్లు, ఎస్‌ఎస్‌డీకి ఐదేళ్లు, మంచి ఎస్‌ఎంపీఎస్‌కు ఏడు నుంచి పదేళ్లు వారంటీ ఉంటుంది. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంటే కొరియర్‌లో తీసుకుంటారో, మనిషే రావాలంటారో కొనకముందే అడగండి. ఆ మాట తేలాకే డబ్బులు కట్టండి.