కొలనులో నీళ్లు తగ్గుతున్నాయా? చిల్లు వెతికే ముందు అంచు చూడండి

లక్షణం అందరికీ తెలిసిందే. పెరట్లో ప్లాస్టిక్ షీటు పరిచి కట్టిన కొలను, సాయంత్రం నిండుగా నింపితే తెల్లారేసరికి అంగుళం దిగి ఉంటుంది. మళ్లీ నింపితే మళ్లీ దిగుతుంది. ఇక చిల్లు పడిందని ఖాయం చేసుకుని నీళ్లన్నీ తోడేసి, చేపల్ని టబ్బుల్లో వేసి, కుండీలన్నీ బయట పెట్టి, షీటంతా అరచేత్తో తడుముతూ కూర్చుంటారు. రెండు రోజుల పని. ఆ కలవరంలో చేపలు చస్తాయి, కలువల వేర్లు ఎండిపోతాయి. చివరికి చిల్లు దొరకదు, ఎందుకంటే చాలాసార్లు చిల్లే ఉండదు.

అందుకే కొలను ఖాళీ చేయడం చిట్టచివరి పని. దానికి ముందు చూడాల్సినవి నాలుగున్నాయి. వీటిని ఇదే వరుసలో చూడండి.

ముందుగా లెక్క తెలియాలి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న కొలనులో ఒక్క సెంటీమీటరు దిగిందంటే దాదాపు 74 లీటర్లు పోయినట్టు. అంగుళమైతే 190 లీటర్ల దాకా, అంటే పన్నెండు బిందెల పైమాటే. అయితే ఇందులో ఎండ తీసుకునేది కూడా ఉంటుంది. వరంగల్ వైపు మే నెలలో, అందులోనూ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరి కావడం మామూలే. చలికాలంలో అందులో సగం కూడా ఉండదు. గుర్రపుడెక్క, అంతరతామర నీటిని కమ్మేసి ఉంటే వాటి ఆకులూ నీళ్లు లాగి గాల్లోకి వదులుతాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ పోతుంది.

బకెట్ పరీక్ష

దీన్ని దాటేసి ముందుకు పోవద్దు. అన్నిటికన్నా తేలికైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

మొదట నీళ్లు వచ్చే దారులన్నీ మూసేయండి. కొలనుకు బాల్ వాల్వ్ (మట్టం తగ్గగానే తనంతట తానే నీళ్లు వదిలే తేలే బంతి కుళాయి) పెట్టి ఉంటే దాని గేట్ వాల్వ్ కట్టేయాలి. ఇది మరిచిపోతే పరీక్ష మొత్తం వృథా. నీళ్లు ఓ పక్క కారుతుంటే బాల్ వాల్వ్ ఇంకో పక్క నింపుతూ ఉంటుంది, మట్టం మాత్రం కదలదు. ఇంటి ట్యాంకు ఎందుకు తొందరగా ఖాళీ అవుతోందో అర్థంకాక మోటరును అనుమానించేది ఇలాంటి ఇళ్లలోనే. పంపు, ఫౌంటెన్ కూడా ఆపేయండి.

ఒక ప్లాస్టిక్ బకెట్‌ను కొలను లోపల కుండీలు పెట్టే మెట్టు మీద, దాని మూతి నీటికి పైన ఉండేలా నిలబెట్టండి. బయట కొలనులో నీళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో బకెట్ లోపల కూడా అదే ఎత్తుకు నింపండి. బరువు కోసం ఇటుక మాత్రం వేయొద్దు, ఎండు ఇటుక నీళ్లు తాగేస్తుంది. నల్లరాయి వేయండి. బకెట్ లోపల ఒక గీత, కొలను గోడ మీద ఒక గీత పెట్టి సరిగ్గా 24 గంటల తర్వాత స్కేలుతో కొలవండి.

రెండూ సమానంగా దిగితే కొలనుకు ఏ జబ్బూ లేదు, ఎండే తాగుతోంది. మొక్కలు ఎక్కువుంటే రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు. కొలను అంతకన్నా ఎక్కువ దిగితేనే కింది మాటలు మీకు అవసరం.

పరీక్ష వానల్లో పెట్టొద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన ఎప్పటికప్పుడు నింపేస్తుంది కాబట్టి తప్పు కనబడదు. బతుకమ్మ పండుగ వెళ్లాక వానలు ఆగినప్పుడు బయటపడుతుంది. అంతమాత్రాన అప్పుడే పుట్టిందనుకోవద్దు.

పంపు నడిచినప్పుడే దిగుతోందా?

పంపు ఆపి 24 గంటలు, నడిపి 24 గంటలు చూడండి. నడిచినప్పుడే ఎక్కువ దిగితే కొలను షీటుతో పనిలేదు. తప్పు పంపుతో నడిచే జలపాతంలోనో పైపులోనో ఉంది. జలపాతం మెట్ల మీద నాచు, ఎండుటాకులు పేరుకుని నీటికి అడ్డుకట్ట పడితే మట్టం పెరిగి పక్కనుంచి మట్టిలోకి పోతుంది. చేత్తో తీసేస్తే సరి. ఫౌంటెన్ తుంపర్లు గాలికి బయట పడుతుంటే దాని ఎత్తు తగ్గించండి. కొలను అంచు నుంచి ఫౌంటెన్ ఎంత దూరముందో అంతకన్నా ఎత్తుకు నీళ్లు చిమ్మకూడదు. పైపు జాయింట్ కారుతుంటే ఆ చోట నేల తడిగా ఉంటుంది, వెతకాల్సిన పనే ఉండదు.

పంపు ఆగినా దిగుతోందంటే, ఇక అంచు దగ్గరికి రండి.

అంచు: మత్తడి, వత్తి

మన చెరువుల సంగతి గుర్తు చేసుకోండి. పాకాల కానీ లక్నవరం కానీ, కట్ట ఎంత ఎత్తున్నా చెరువులో నీళ్లు నిలిచేది మత్తడి (అలుగు) ఎత్తు దాకానే. పెరటి కొలనుకూ అదే లెక్క. చుట్టూ అంచు ఎంత ఎత్తున్నా ఒక్కచోట అరంగుళం దిగిందంటే అదే మత్తడి. నల్లరేగడి నేలలో ఇది తప్పనిసరిగా వచ్చే బాధ. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, మొదటి వానకాలం దాటేసరికి పోసిన కట్ట ఒకవైపు కుంగుతుంది. గుర్తు ఏమిటంటే, నింపిన వెంటనే గబగబా దిగి ఒకే గీత దగ్గర ఆగిపోతుంది. మేస్త్రి వాడే లెవల్ పైపుతో రెండడుగులకొకచోట అంచు ఎత్తు చూసుకుంటే పది నిమిషాల్లో దొరుకుతుంది. కుంగిన చోట షీటు కింద మట్టి దట్టించి పైకి లేపితే పని అయిపోతుంది.

అసలు దొంగ రెండోది. అంచు సమంగా ఉంటుంది, షీటుకు చిల్లు ఉండదు, అయినా నీళ్లు పోతుంటాయి. కారణం వత్తి.

తడి తువాలు ఒక కొస బకెట్లో, ఇంకో కొస బయట వేలాడేలా వదిలేసి పడుకుంటే పొద్దునకల్లా బకెట్ పక్కన నేలంతా నీళ్లు ఉండడం ప్రతి ఇంట్లో చూసేదే. బకెట్‌కు చిల్లు లేదు. గుడ్డ నూలుపోగుల సందుల్లోంచి నీళ్లు పైకి పాకి, అంచు దాటి, బయటి కొస నీటిమట్టం కన్నా కిందికి ఉండడంతో చుక్క చుక్కగా దిగిపోయాయి. దీపం వత్తి నూనె లాగేదీ ఇలాగే. మీ కొలను అంచున కూడా ఇలాంటి తువాలు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది ఏ రూపంలో ఉందో పట్టుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది గోనె సంచి. ఎండకు ప్లాస్టిక్ షీటు పెళుసై పగిలిపోతుందని అంచు మీద గోనె సంచులో కొబ్బరిపీచు చాపో కప్పుతారు. ఆలోచన మంచిదే, షీటును ఎండ నుంచి కాపాడాల్సిందే. కానీ ఆ గోనె ఒక కొస నీళ్లలో, ఒక కొస బయట మట్టిలో ఉంటే అచ్చంగా అది తువాలే. రెండోది గరిక. అందంగా ఉంటుందని అంచు దాకా పెంచుతారు. అది షీటు మీదుగా పాకి వేర్లు నీళ్లలోకి దింపుతుంది, వేర్ల మధ్య పేరుకున్న మట్టి నీళ్లను బయటికి లాగుతుంది. మూడోది, షీటు అంచును బయటికి పరిచి దాని మీద మట్టి కప్పడం. లోపలి తడిమట్టి, బయటి ఎండుమట్టి కలిసిపోతే రోజంతా తాగుతూనే ఉంటుంది. నాలుగోది చాలామందికి తట్టదు: అంచు రాళ్ల మధ్య పూసిన సిమెంటు, లేదా ఇటుకల వరస. రెండూ నీళ్లు పీల్చేవే. ఇటుక సగం నీళ్లలో ఉండి బయటివైపు మట్టికి ఆనుకుని ఉంటే అదీ వత్తే.

ఇది మనుషుల్ని మోసం చేసే తీరు వేరు. వానాకాలంలో చుట్టూ మట్టి తడిగా ఉండి లాగదు కాబట్టి నష్టం ఆగిపోతుంది. ఎండాకాలంలో మట్టి దాహంగా ఉండి ఎక్కువ లాగుతుంది కాబట్టి ఎండకే ఆవిరవుతోందనుకుంటారు. పైగా నీళ్లు గోనె కింది కొసను వదిలేదాకా దిగి, అక్కడ ఆగుతాయి. నీళ్లు ఆగిన చోట చిల్లుందని ఎక్కడో విన్న సూత్రం పట్టుకుని, ఆ గీత పొడవునా షీటుకు లేని చిల్లులకు అతుకులు వేస్తారు.

దగ్గరికి వెళ్లి కూర్చుని చూస్తే గుర్తులు ఉంటాయి. చుట్టూ గడ్డి ఎండిపోయి ఒక్కచోట మూరెడు మేర పచ్చగా ఉంటుంది. బయటివైపు రాళ్ల అడుగున, నేలకు ఆనే చోట, తెల్లటి పొడి పొర కట్టి గోరుతో గీకితే రాలుతుంది. అది బోరు నీళ్లలోని ఉప్పు: నీళ్లు రాయి దాకా పాకి ఆరిపోయాయి, ఉప్పు మిగిలింది. అక్కడే వేలితో రెండంగుళాలు తవ్వితే మే నెలలో కూడా మట్టి ముద్దలా అంటుకుంటుంది.

గుర్తులు దొరక్కపోయినా తేల్చుకునే దారి ఒకటుంది. నీళ్లు 10 సెంటీమీటర్లు తోడేయండి. గోనె, గరిక, పీచు ఏదీ నీళ్లను తాకకుండా వెనక్కి మడిచేయండి. మళ్లీ బకెట్ పరీక్ష పెట్టండి. ఈసారి బకెట్, కొలను సమానంగా దిగాయంటే దొంగ చాలావరకు వత్తే.

బాగు చేయడం ఒక పూట పని. అంచు రాళ్లు తీసి, గరికను వేర్లతో సహా కత్తితో కోసేయండి. పరిచి ఉన్న షీటు అంచును పైకి లేపి నిలువుగా నిలబెట్టండి. నిండు నీటిమట్టానికి కనీసం 5 సెంటీమీటర్లు పైన, బయటి మట్టికి కూడా పైన దాని కొస గాల్లో ఉండాలి. కిటుకంతా ఆ కొసలోనే ఉంది: లోపలి తడి వస్తువు, బయటి పొడి వస్తువు దాని మీదుగా ఎక్కడా కలవకూడదు. షీటు వెనక జానెడు వెడల్పున మట్టి తీసేసి 20 ఎంఎం కంకర నింపండి. కంకర రాళ్ల మధ్య సందులు పెద్దవి, నీళ్లు పైకి పాకలేవు. అక్కడ ఇసుక వాడొద్దు, సన్న ఇసుక కూడా పీలుస్తుంది. తర్వాత లోపలివైపు ఒక వరస రాళ్లు, బయటివైపు ఒక వరస పెట్టి షీటు కొసను మధ్యలో నొక్కండి. కొస ఒక సెంటీమీటరు పైకి కనిపిస్తే కనిపించనివ్వండి. ఎండ నుంచి కాపు కావాలంటే గోనెకు బదులు మిగిలిపోయిన షీటు ముక్కనే రెండో పొరగా కప్పండి, అది పీల్చదు. ఇటుకల అంచు కావాలనుకుంటే షీటు ఇటుక వెనకనుంచి పైకి రావాలి, కిందనుంచి కాదు. గరిక కావాలంటే కంకర వరసకు అవతలే ఉంచి నెలకోసారి పాకిన కొనలు కత్తిరించండి.

అంచు బాగుండి కూడా దిగుతుంటే

ఇప్పుడు చిల్లు వెతకండి. పంపు ఆపి, నీళ్లు తమంతట తాము ఎక్కడ ఆగితే అక్కడిదాకా దిగనివ్వండి. చేపలకు జానెడు నీళ్లైనా మిగలకపోతే మాత్రం టబ్బులోకి మార్చి గాలి పంపు పెట్టండి. ఆగిన గీత చుట్టూ, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు, సూది తీసేసిన సిరంజితో పాలు రెండేసి చుక్కలు వదులుతూ పోండి. చిల్లున్న చోట తెల్లటి దారంలా అటు లాక్కుంటుంది. తుంగ, జమ్ము నేరుగా మట్టిలో నాటి ఉంటే ముందు వాటి అడుగునే చూడండి. జమ్ము దుంప మొన పలుచటి షీటును పొడిచేస్తుంది. దాన్ని ఎప్పుడూ మందపాటి టబ్బులోనే పెట్టాలి.

అతుకు వేయడంలో ఒక్క మాట. ఫారం పాండ్లకు (పొలాల్లో తవ్వే నీటి కుంటలకు) వేసే 500 మైక్రాన్ల షీటు పాలిథిన్ జాతిది. మామూలు గమ్ములు, ఎంసీల్ దానికి పట్టుకోవు, వారంలో ఊడొస్తాయి. వేడిగాలి మిషన్‌తో అతికించాలి, లేదా బ్యూటైల్ టేపు వాడాలి. ముందు తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి, అతుకు చిల్లుకు అన్ని వైపులా 10 సెంటీమీటర్లు దాటాలి.

సిమెంటు తొట్టి అయితే పగులు కన్నా ముందు గోడలోంచి పైపు పోయే చోటు చూడండి. నున్నటి పీవీసీకి సిమెంటు అతుక్కోదు, చుట్టూ వెంట్రుకవాసి సందు పడి జాలు వస్తుంది. పైపు చుట్టూ మళ్లీ మళ్లీ సిమెంటు మెత్తడం దండుగ. రబ్బరు వాషర్లున్న ట్యాంక్ నిపుల్ వేయించండి. కొత్తగా గిలాబు చేసిన తొట్టిని రెండు మూడుసార్లు నింపి, వారమేసి ఉంచి, పారబోశాకే చేపలు వదలాలి, సున్నం దిగి నీళ్లు ఘాటెక్కుతాయి.

పందికొక్కులు కొరకడం, ఎండ్రకాయల బొరియలు, చెట్ల వేర్లు, కోతులు షీటు లాగడం: ఇవన్నీ ఉంటాయి కానీ అరుదు, ఉంటే కంటికే కనబడతాయి. వీటితో మొదలుపెట్టొద్దు.

బాగు చేశాక నల్లా నీళ్లతో ఒక్కసారే నింపేయొద్దు. అందులో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో మూత లేకుండా ఒకరోజు ఉంచి, రోజుకు కొలనులో ఐదో వంతు మించకుండా పోయండి. నిండాక రెండు రోజులు ఆగి బకెట్ పరీక్ష మళ్లీ పెట్టండి. నల్లరేగడిలో తవ్విన కొలనైతే వచ్చే దసరాకు లెవల్ పైపు మరోసారి బయటికి తీయండి, కట్ట ఇంకా కుంగుతూ ఉంటుంది.