రికంబెంట్ సైకిల్: మొదటి నెల జాగ్రత్తలు

చాలా ఏళ్లు ఒళ్లు వంచకుండా గడిపి, మళ్లీ ఫిట్‌గా అవుదామని రికంబెంట్ సైకిల్ కొన్నవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఒకటే: ఈ బండి మీద శరీరం తొందరగా మొరపెట్టుకోదు. మామూలు సైకిలైతే అలవాటు లేనివాళ్లకు అరగంటకే సీటు ఒత్తుకుంటుంది, మణికట్లు లాగుతాయి, మెడ పట్టేస్తుంది. దిగిపోతాం. దీని మీద కుర్చీలోలాగా వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాపి తొక్కుతాం. ఆ బాధలు చాలావరకు ఉండవు. అసలు సంగతి మర్నాడు మెట్లు దిగేటప్పుడు మోకాళ్లలో తెలుస్తుంది. నేను మొదటి రోజే గంటన్నర తొక్కేశాను, అలసటే అనిపించలేదు. తర్వాత పది రోజులు మోకాలి చిప్ప దగ్గర నొప్పితో సైకిల్ ముట్టుకోలేకపోయాను.

అందుకే మొదటి రెండు వారాలు గడియారం చూసి దిగిపోండి. రోజు విడిచి రోజు, 15 నుంచి 20 నిమిషాలు చాలు. ఆ తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడికి మెల్లగా చేరుకోవచ్చు, మొదటి వారమే ఆ లెక్క పెట్టుకోకండి. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలుగుతుంటే వేగం సరిపోయినట్టే. మాట మధ్యలో ఊపిరి తెగుతుంటే తగ్గించాలి. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, మోకాలికో వెన్నుకో ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టరును అడగండి. తొక్కేటప్పుడు ఛాతీ బిగిసినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా వెంటనే ఆపి సాయం పిలవండి. కాసేపు కూర్చుంటే తగ్గుతుందిలే అని ఊరుకోకండి.

మోకాళ్లను కాపాడేది ముఖ్యంగా పెడళ్ల దూరం. పెడళ్లు ఉండే ముందు గొట్టాన్ని బూమ్ అంటారు, చాలా బళ్లలో దాన్ని ముందుకీ వెనక్కీ జరపవచ్చు. రోజూ వేసుకునే బూట్లతోనే కూర్చోండి. వీపు మొత్తం సీటుకు ఆనాలి. మడమను పెడల్ మీద పెట్టి దూరంగా తోస్తే కాలు సరిగ్గా చాపినట్టు ఉండాలి. ఇప్పుడు మడమ తీసి, కాలి వేళ్ల కింది మెత్తటి భాగం పెట్టండి. మోకాలు కొద్దిగా వంగి ఉంటే కుదిరినట్టే. తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగితే బూమ్ దూరమైనట్టు. మామూలుగా బాగా దగ్గరైతే మోకాలి ముందువైపు, మరీ దూరమైతే వెనకవైపు నొప్పి వస్తుంది. ఒక్కసారే రెండంగుళాలు జరపకండి. 5 మిల్లీమీటర్లు జరిపి, అక్కడ టేపు ముక్క అంటించి, రెండు మూడు రోజులు తొక్కి చూడండి. జరిపిన ప్రతిసారీ బోల్టు బిగించడం, చైన్ మరీ వదులు కాకుండా, మరీ బిగుసుకోకుండా ఉందో లేదో చూడటం మరవకండి.

ఇంకో సంగతి. దీని మీద లేచి నిలబడి తొక్కడం కుదరదు. ఎత్తు రాగానే చాలామంది వీపును సీటుకు అదిమిపెట్టి కాళ్లతో బలంగా తోస్తారు. ఆ బలమంతా మోకాలి మీదే పడుతుంది. ఎత్తు మొదలవక ముందే గేరు తగ్గించి, తేలిగ్గా, వేగంగా తిప్పండి. కుడి మోకాలు పైకొచ్చిన ప్రతిసారీ లెక్కపెడితే 15 సెకన్లలో 18 నుంచి 20 రావాలి.

ఇక పాదాల విషయం. నాకు అన్నిటికంటే భయం దీని గురించే. బండి కదులుతుండగా పాదం పెడల్ మీంచి జారి నేలకు తగిలితే, బండి ముందుకు పోతూ ఆ కాలిని కిందికి లాగేసుకుంటుంది. రికంబెంట్లలో రెండు చక్రాలవీ, మూడు చక్రాలవీ ఉంటాయి; మూడు చక్రాల బండ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎముకలు విరిగేంత వరకూ పోవచ్చు. నాతో తొక్కే ఒకాయన తడి పెడళ్ల మీద చెప్పులతో బయల్దేరాడు. నడకంత వేగంలో ఉన్నాడు కాబట్టి మడమ దగ్గర తోలు ఊడటంతో సరిపోయింది. మూడు చక్రాల బండైతే మొదటి రోజు నుంచే పెడల్‌కు బిగుసుకుని ఉండే క్లిప్ బూట్లు గానీ, మడమను పట్టి ఉంచే స్ట్రాపులు గానీ తప్పకుండా వాడండి. రెండు చక్రాలదైతే బ్యాలెన్స్ వచ్చేదాకా ఖాళీ మైదానంలో మామూలు పెడళ్లతో నేర్చుకోండి, ఎందుకంటే అక్కడ కాలు చటుక్కున కింద పెట్టాల్సి వస్తుంది. బయల్దేరేటప్పుడు చిన్న గేరులో, ఒక పెడల్ దాదాపు పైన ఉంచి, భుజాలు వదులుగా పెట్టి ఒక్క తోపు తోయండి. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నకొద్దీ బండి ఎక్కువ ఊగుతుంది.

మూడు చక్రాల బండి కూడా పడదనుకోకండి. మలుపులో వేగంగా పోతే లోపలి చక్రం లేస్తుంది. మలుపుకు ముందే బ్రేకు వేసి, ఒంటిని మలుపు లోపలివైపు వంచండి.

వాలుగా కూర్చోవడంతో చాలా బండ్ల మీద గాలి తక్కువ అడ్డుతుంది, పల్లంలో వేగం తెలియకుండానే పెరిగిపోతుంది. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచ్ రైడర్ చార్లెస్ మోషే తయారుచేసిన ఇలాంటి సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నాటి 44.247 కిలోమీటర్ల రికార్డును దాటేశాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ రకం బండ్లను మామూలు పోటీల్లోంచి తప్పించింది. అంత వేగమున్న బండిని కొత్త చేతులతో పల్లంలో వదిలేయకండి, మొదట్నుంచే బ్రేకు కొద్దికొద్దిగా నొక్కుతూ దిగండి. గుంతలు వస్తే సీటు మీంచి లేవలేం, దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. వాటికి ముందే నెమ్మదించాలి.

రోడ్డు మీద మీరు చాలా కిందికి ఉంటారు. పక్కన ఆగిన లారీ డ్రైవరుకు మీరు అసలు కనబడకపోవచ్చు. సీటు వెనక పొడవాటి కర్రకు మెరిసే రంగు జెండా కట్టండి. పగలైనా వెనక ఎర్ర లైటు వెలగాలి. వెనక్కి తిరిగి చూడటం కష్టం కాబట్టి అద్దం తప్పనిసరి, రెండు వైపులా ఉంటే మరీ మంచిది. సందులోంచి రోడ్డెక్కేటప్పుడు మీ కళ్ల కంటే ముందు మీ పాదాలు రోడ్డు మీదికి వెళ్తాయి. పూర్తిగా ఆగి, అంగుళం అంగుళంగా ముందుకు జరగండి. పెద్ద వాహనాల పక్కన ఆగొద్దు, వాటి వెనకే ఉండండి.

కాలి వేళ్లు తిమ్మిరెక్కితే బూటు తాళ్లు వదులు చేయండి. మంచినీళ్ల సీసా చేతికందే చోట పెట్టుకోండి, సీటు వెనక ఉంటే తాగడమే మానేస్తాం. ముఖం ఆకాశంవైపు ఉంటుంది కాబట్టి ఎండలో కళ్లద్దాలు కావాలి.

చివరి ఐదు నిమిషాలు తేలిక గేరులో తిప్పి ఆపండి. మూడు చక్రాల బండైతే పార్కింగ్ బ్రేకు వేశాకే పాదాలు విడిపించండి, లేకపోతే లేవబోతుంటే బండి కింద నుంచి జారిపోతుంది. ఇంతసేపూ కాళ్లు పైకెత్తి వాలి ఉన్నారు, ఒక్కసారే లేస్తే కళ్లు తిరగవచ్చు. రెండు పాదాలూ నేలకు ఆనించి, అలాగే కూర్చుని పది లెక్కపెట్టి, అప్పుడు లేవండి.