పాత అంబాసిడర్ బేరమా? ముందు నంబర్లు చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో బేరానికొస్తే అందరి చూపూ పెయింట్ మీదికే పోతుంది. మీరు బానెట్ ఎత్తించి, ఒరిజినల్ ఆర్సీ పక్కన పెట్టుకుని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఒక్కో అక్షరం సరిచూడండి. ఏపీ 26, ఏపీ 27 అంటే మన జిల్లాల బండే కదా అని ధీమా వద్దు, ప్లేటు మార్చడం ఎంతసేపు!

కావలి, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల నంబరు తుప్పులో కలిసిపోయి ఉంటుంది. డీజిల్ గుడ్డతో మెల్లగా తుడవండి. గరుకు కాగితం పెట్టొద్దు, ఉన్న అంకె కూడా పోతే చెరిపింది మీరే అంటారు. తర్వాత తెల్ల కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. అంకెల ఎత్తు, వాటి మధ్య దూరం ఒకేలా లేకపోయినా, చుట్టూ వెల్డింగ్ మచ్చ ఉన్నా, అక్కడొక్కచోటే కొత్త పెయింట్ కనిపించినా అనుమానించాల్సిందే. అన్నట్టు, 17 అక్షరాల ఛాసిస్ నంబర్లు ఈమధ్య బండ్లకే. పాతవాటికి తక్కువుంటే కంగారు పడకండి.

ఇంజన్ తేడా వేరే సంగతి. పెట్రోల్ అంబాసిడర్‌కి డీజిల్ ఇంజన్ వేయించినవాళ్లు బోలెడుమంది. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా అన్నదే ముఖ్యం. ఎక్కకపోతే అమ్మేవాళ్లనే ఆర్టీఓ ఆఫీసులో ఎక్కించి ఇమ్మనండి, డబ్బు ఆ తర్వాతే. ఛాసిస్ నంబరు కలవకపోతే మాత్రం, "ఆఫీసులో తప్పు కొట్టార్లే అన్నా" అని అమ్మేవాళ్లు చెప్పినా సరే, అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.