ఇష్టమైన బుల్లెట్ దొరకనప్పుడు .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్‌కి ఏది కొనాలి

ఏళ్ళుగా వాడుతున్న 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) నోస్లర్ కంపెనీ పార్టిషనో, అక్యుబాండో దుకాణంలో లేకపోతే అమెరికాలో వేటాడే చాలామంది చేసే పని ఒకటే. అదే బరువున్న ఇంకో పెట్టె తీసుకుని వచ్చేస్తారు. బరువు కలిసింది కాబట్టి పని కూడా అలాగే చేస్తుందనుకుంటారు. ఎక్కువ వేగంతో కాల్చే మ్యాగ్నమ్ రైఫిల్ విషయంలో ఇదే పెద్ద పొరపాటు. ముందు చూడాల్సింది బుల్లెట్ లోపలి నిర్మాణం, ఆ తర్వాతే బరువు. బ్రాండు అన్నిటికన్నా చివర. (ఇక్కడ తూటా అంటే కేసు, తుపాకీ మందు, దాన్ని రగిల్చే ప్రైమర్, బుల్లెట్ అన్నీ కలిసిన మొత్తం రౌండు. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి వెళ్ళే ముక్క మాత్రమే.)

కారణం వేగం. .300 విన్ మ్యాగ్ 180 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి దాదాపు 2,950 అడుగుల వేగంతో వదులుతుంది. 200 గజాల దగ్గర అది సుమారు 2,590కి, 400 గజాల దగ్గర 2,250కి తగ్గుతుంది. మామూలు .308 విన్చెస్టర్‌లో అదే బరువు బుల్లెట్ గొట్టం మూతి దగ్గర సుమారు 2,600తో బయల్దేరుతుంది. అంటే .308కి మొదటి అడుగులో ఉండే వేగం మ్యాగ్నమ్‌కి 200 గజాల అవతల కూడా మిగిలి ఉంటుంది. దట్టమైన చెట్ల మధ్య 40 గజాల్లో ఎల్క్ (పెద్ద దుప్పి) ఎదురైతే బుల్లెట్ 2,870 వేగంతో భుజం ఎముకని కొడుతుంది. మెత్తని బుల్లెట్ అక్కడే చిట్లిపోతుంది. పైన పెద్ద గాయం కనిపిస్తుంది కానీ ఊపిరితిత్తుల దాకా ఏమీ చేరదు, జంతువు గాయంతో అడవిలోకి వెళ్ళిపోతుంది. మ్యాగ్నమ్‌లో బుల్లెట్‌కి అసలు పరీక్ష దూరపు దెబ్బ కాదు, దగ్గర దెబ్బ. కాబట్టి కొత్త బుల్లెట్ వెతికేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: నేను కాల్చబోయే అతి దగ్గర దూరంలో ఇది ముక్కలు కాకుండా నిలబడుతుందా? రెండోది: అతి దూరంలో తగిలినప్పుడు ముక్కు పువ్వులా విచ్చుకునేంత వేగం ఇంకా మిగులుతుందా?

ఏది ఏ కోవకి చెందుతుంది

పాత బుల్లెట్ ఏ కోవదో తెలుసుకుని, అదే కోవలో ఇంకోటి వెతకండి.

సీసం చుట్టూ రాగి తొడుగు మాత్రమే ఉన్నవి మామూలు రకం: రెమింగ్టన్ కోర్-లోక్ట్, హోర్నడీ ఇంటర్‌లాక్, విన్చెస్టర్ పవర్-పాయింట్, సియెరా గేమ్‌కింగ్. కొరత రోజుల్లో ముందు కనిపించేవి, చవకగా వచ్చేవి ఇవే. ఎల్క్ కంటే చిన్నదైన మ్యూల్ డీర్ జింకకి ఏ ఇబ్బందీ లేదు. ఎల్క్‌కి వాడాల్సి వస్తే 150 గ్రెయిన్లవి వదిలేసి 180, దొరికితే 200 తీసుకోండి. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, తొడుగు మీద ఒత్తిడీ తగ్గుతుంది. భుజం మీద కాకుండా భుజం వెనక పక్కటెముకల మీదే కాల్చాలన్న నియమం కూడా పెట్టుకోండి.

తొడుగుకి సీసాన్ని అతికించి చేసేవి బాండెడ్ రకం: అక్యుబాండ్, స్విఫ్ట్ సిరాకో, హోర్నడీ ఇంటర్‌బాండ్, ఫెడరల్ ఫ్యూజన్, ట్రోఫీ బాండెడ్ టిప్. పార్టిషన్ దొరకనివాళ్ళకి మా మొదటి సలహా ఈ వరుసే. పార్టిషన్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్‌లలో మధ్యలో అడ్డగోడ ఉంటుంది. ముందు సగం చిట్లినా వెనక సగం లోపలికి దూసుకెళ్తుంది. ఎ-ఫ్రేమ్ ఇంకా గట్టిది, దాని ముందు భాగం కూడా అతికించే ఉంటుంది. ధర ఎక్కువే. ఎల్క్‌కీ, అంతకన్నా పెద్దదైన మూస్‌కీ అయితే పెట్టిన డబ్బు వృథా కాదు.

పూర్తిగా రాగితో చేసినవి బార్న్స్ టీటీఎస్ఎక్స్, హోర్నడీ సీఎక్స్, నోస్లర్ ఈ-టిప్, ఫెడరల్ ట్రోఫీ కాపర్. దగ్గర దెబ్బకి వీటిని మించినవి లేవు, బరువు దాదాపు పూర్తిగా నిలబెట్టుకుంటాయి. బలహీనత దూరంలో ఉంది. వేగం బాగా పడిపోతే ముందు రేకులు విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి అవతలికి వెళ్ళిపోతాయి. తగిలే చోట సెకనుకి 2,000 అడుగులకి తగ్గకూడదని గీత గీసుకుంటే చిక్కు రాదు.

ఈఎల్‌డీ-ఎక్స్, బెర్గర్ హంటింగ్ లాంటి పొడుగాటి బుల్లెట్లు దూరానికి చక్కగా పనిచేస్తాయి, 50 గజాల్లో మాత్రం విపరీతంగా చిట్లుతాయి. బహిరంగ మైదానంలో వేటాడేవారికి పర్వాలేదు. గుబురు అడవిలో వద్దు. సియెరా మ్యాచ్‌కింగ్ లక్ష్యసాధన బుల్లెట్. వేటకి వాడొద్దని తయారీదారే చెబుతున్నాడు. ఎంత కొరతైనా దాని జోలికి వెళ్ళకండి.

బరువు లెక్క రాగితో మారుతుంది

సీసం కంటే రాగి తేలిక. అందుకే ఒకే బరువులో రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. సీసపు 180 స్థానంలో రాగి 165 లేదా 168 తీసుకోండి. చిట్లి బరువు పోగొట్టుకోదు కాబట్టి లోపలికి వెళ్ళే లోతులో లోటు ఉండదు, వేగం కూడా 3,100 దగ్గరికి పెరిగి దూరంలో విచ్చుకోవడానికి సాయపడుతుంది. .300 విన్ మ్యాగ్ గొట్టాల్లో సాధారణంగా ఉండే పది అంగుళాలకొక చుట్టు ట్విస్ట్‌కి (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాడుల మెలికకి) ఈ పొడవులు సరిపోతాయి. 7 మి.మీ. రెమింగ్టన్ మ్యాగ్నమ్ ఉన్నవాళ్ళు జాగ్రత్త పడాలి. పాత గొట్టాలు చాలావరకు తొమ్మిదింపావు, తొమ్మిదిన్నర అంగుళాలకొక చుట్టు. పాత తరహా 175 గ్రెయిన్ల బుల్లెట్‌కి అది చాలు, కొత్త తరహా పొడుగాటి బరువైనవాటికి చాలకపోవచ్చు. పెట్టె మీద ఎంత ట్విస్ట్ కావాలో చదవకుండా కొనకండి.

తూటాలు సొంతంగా నింపుకునేవారికి ఒక ఉచ్చు ఉంది. .30-30 కోసం చేసిన 150, 170 గ్రెయిన్ల చదునుముక్కు బుల్లెట్ల వ్యాసం కూడా .308 అంగుళమే. కొరతలో అవే దొరుకుతాయి, కేసులో చక్కగా కూర్చుంటాయి కూడా. కానీ వాటి తొడుగు 2,000–2,200 అడుగుల వేగానికి తగ్గట్టు చేసింది. మ్యాగ్నమ్ వేగంతో తగిలితే చర్మం కిందే పొడైపోతాయి. ఇంకోటి: బరువు ఒకటే కదా అని సీసం బుల్లెట్‌కి ఇచ్చిన మందు లెక్కని రాగి బుల్లెట్‌కి వాడకండి. పొడుగాటి రాగి బుల్లెట్ కేసులో ఎక్కువ చోటు తీసుకుంటుంది, పీడనం పెరుగుతుంది. ఆ బుల్లెట్‌కే తయారీదారు ఇచ్చిన పట్టిక తీసి, కనిష్ఠ మోతాదు నుంచే మొదలుపెట్టాలి. వేరేవాళ్ళు నింపిన తూటాలు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

బుల్లెట్లు విడిగా దొరకకపోతే దుకాణంలో నింపిన తూటాల షెల్ఫ్ కూడా చూడండి. ఫెడరల్ ప్రీమియం పెట్టెల్లో పార్టిషన్, అక్యుబాండ్ బుల్లెట్లతో నింపినవి వస్తాయి. గొట్టం మీద చెక్కిన పేరు, పెట్టె మీద పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. .300 డబ్ల్యూఎస్ఎం, .300 వెదర్‌బీ, .300 పీఆర్‌సీ వాడేది అదే వ్యాసం బుల్లెట్, తూటాలు మాత్రం వేరు.

కొనే ముందు చట్టం

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం నిషేధం, రాగి తప్ప దారి లేదు. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 అంగుళాల వ్యాసం, 85 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. మ్యాగ్నమ్‌కి అది సమస్యే కాదు.

మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. లైసెన్స్ గడువు తీరిన మర్నాడు ఇంట్లో తూటాల పెట్టె ఉన్నా ఇబ్బందే. రాష్ట్ర నియమాలు దీనికి అదనం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిబంధన వర్తించదు.

రెండు పెట్టెలు, ఒకే లాట్

20 తూటాల పెట్టెలు రెండు కొనండి. లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబరు) రెండింటి మీదా ఒకటే ఉండాలి. లాట్ మారితే గురి కొట్టే చోటు జరగొచ్చు. ఒక పెట్టె కాల్చి చూసుకునే రేంజ్‌కి, ఒకటి వేటకి.

రాగి బుల్లెట్‌కి మారుతుంటే ముందు గొట్టంలో పేరుకున్న పాత రాగి మకిలి తీయాలి. అమ్మోనియా ఉన్న సాల్వెంట్‌తో, నైలాన్ బ్రష్‌తో రుద్ది గుడ్డ ముక్క లాగితే నీలం రంగు వస్తుంది. అది రాగి. నీలం రాకుండా గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా చేయండి. ఇత్తడి, కంచు బ్రష్ వాడితే బ్రష్ లోహమే నీలం చూపించి మోసం చేస్తుంది.

రేంజ్‌లో మూడేసి తూటాల గుంపులు కాల్చండి. ప్రతి గుంపు తర్వాత గొట్టం చేతితో పట్టుకోగలిగేంత చల్లారాలి. మ్యాగ్నమ్ సన్న గొట్టాలు మూడు తూటాలకే వేడెక్కి గుంపుని పైకో పక్కకో లాగుతాయి. 100 గజాల దగ్గర మూడు రంధ్రాలూ అంగుళంన్నర లోపల పడితే ఆ గుంపు వేటకి చాలు. గుంపు మధ్యబిందువు గురి పెట్టిన చోటు కంటే ఒకటిన్నర అంగుళం పైన పడేట్టు సరిచేస్తే 180 గ్రెయిన్లకి గురి సుమారు 200 గజాల దగ్గర కుదురుతుంది, 300 దగ్గర ఆరున్నర అంగుళాలు కిందికి జారుతుంది. కాగితం మీద లెక్క నమ్మి ఊరుకోకుండా 200, 300 గజాల దగ్గర కాల్చి చూడాలి. వేటలో లెక్కలోకి వచ్చేది చల్లని గొట్టం నుంచి వెళ్ళే మొదటి తూటాయే. అందుకే ఇంకో రోజు వెళ్ళి ఒక్కటి కాల్చి అది ఎక్కడ పడిందో రాసుకోండి.

మ్యాగజీన్ కూడా ఒకసారి చూడాలి. అడుగున ఒక తూటా ఉంచి పైనవి కాల్చాక దాన్ని తీసి క్యాలిపర్‌తో పొడవు కొలవండి. వెనక్కి తన్నే దెబ్బకి బుల్లెట్ కేసులోకి దిగితే పొడవు తగ్గుతుంది, అలాంటి తూటా కాల్చకూడదు. సీసం ముక్కు కాస్త చదునైతే మాత్రం కంగారు పడకండి, వేట దూరాల్లో తేడా పెద్దగా తెలియదు. వేట రోజున పాత పెట్టెలో మిగిలిన రెండు మూడు తూటాలని కొత్తవాటితో కలపకండి.

సీజన్ అయ్యాక తుపాకీ సంచి, జాకెట్ జేబులు, బ్యాక్‌ప్యాక్ అడుగు దులిపి చూడండి. వేటకి వాడిన సంచితోనే హైదరాబాద్ విమానం ఎక్కితే, మరిచిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు పడటానికి.