ఇంగ్లిషులో రాసేటప్పుడు మన తెలుగును గుర్తుపట్టడం

కడపలో తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి ఉద్యోగ దరఖాస్తులు పెట్టుకొనేవారి కాగితాలు కొన్నేళ్లుగా దిద్దుతున్నాను. వారిలో చాలామంది వ్యాకరణ పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదవబోయి, కాలాల పట్టిక దగ్గరే ఆగిపోయినవారు. తప్పులు పుస్తకంలోని వరుసలో రావు. తెలుగులో పుట్టిన వాక్యం ఇంగ్లిషు మాటలు తొడుక్కొని వచ్చిన చోటల్లా వస్తాయి. కాబట్టి ముందుగా సొంత కాగితాన్ని అనుమానంతో చదవడం అలవాటు చేసుకోవాలి.

ఒక సెలవు చీటీలో ‘యాజ్ మై సిస్టర్స్ మ్యారేజ్ ఈజ్ దేర్’ అని ఉంది. అక్క పెళ్లి ఉందని మనం అంటాం గాని, ఇంగ్లిషులో ఆ మాటను మనిషి మీద పెట్టి ‘మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఆన్ సండే’ అని రాయాలి. దీనికన్నా మొండి తప్పు ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్’ అన్నది. అయిదేళ్ల నుంచి అన్నా, 2019 నుంచి అన్నా మనకు ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లిషులో గడిచిన వ్యవధికి ‘ఫర్’, మొదలైన క్షణానికి ‘సిన్స్’ వాడాలి. క్రియ కూడా ‘హ్యావ్ బీన్ వర్కింగ్’గా మారాలి, ఎందుకంటే ఆ పని అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోంది.

ఆర్టికల్స్ మనకు లేవు కనుక అవే అందరినీ ఎక్కువగా ఏడిపిస్తాయి. ‘ఒక రైతు వచ్చాడు, ఆ రైతు అర్జీ ఇచ్చాడు’ అన్నప్పుడు ‘ఒక’ ఉన్న చోట ‘ఏ’, ‘ఆ’ ఉన్న చోట ‘ది’ పెట్టి చూడండి. అన్ని చోట్లా కాకపోయినా సగానికి పైగా సరిపోతుంది. నదుల పేర్ల ముందు ‘ది’ రావాలి, ఊళ్ల పేర్ల ముందు రాకూడదు: ‘ది పెన్నా’ అంటాం గాని ‘ది కడప’ అనం.

‘వెళ్లి, అడిగి, తెచ్చి, ఇచ్చాను’ అని తెలుగులో ఒక్క క్రియతో ముగించే వాక్యాన్ని ఇంగ్లిషులో రెండుగా విరవండి. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’, ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ కొట్టేయండి. ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’ అన్నవాటికి బహువచనం లేదు.

ఇక సాధన విషయానికి వస్తే, నాకు తెలిసినంతలో తిరుగు అనువాదాన్ని మించినది లేదు. ఇంగ్లిషు దినపత్రికలో ఆరేడు వాక్యాల పేరా ఒకటి తీసుకొని, మన వాడుక తెలుగులోకి మార్చి, పత్రికను పక్కన పెట్టేయండి. మర్నాడు మీ తెలుగు కాగితం ఒక్కటే ఎదుట పెట్టుకొని మళ్లీ ఇంగ్లిషులో రాసి, అసలు పేరాతో వాక్యానికి వాక్యం పోల్చండి. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ నేర్చుకోవడానికి 16వ శతాబ్దంలోనే ఈ పద్ధతిని సిఫారసు చేశాడు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడి తన బంగళాలో పండితులను పెట్టుకొని, తాటాకు ప్రతులను పక్కపక్కన ఉంచి పాఠాలు సరిచూయించాడు. నేడు అదే స్థలంలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ప్రతిని ప్రతితో పోల్చే ఆ ఓపికే ఇక్కడా కావాలి.

పోల్చినప్పుడు దొరికిన తేడాలను నోటు పుస్తకం చివరి పుటలో రాసుకోండి. మీ సొంత రచనను దిద్దేటప్పుడు అన్నింటినీ ఒకేసారి వెతకకుండా, ఒక చదువులో ఆర్టికల్స్ మాత్రమే, మరో చదువులో క్రియలు మాత్రమే చూడండి. చివరి చదువు పైకి వినబడేలా ఉండాలి, కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. ఫోన్లోని దిద్దుబాటు యాప్‌ను ఇవన్నీ అయ్యాకే తెరవండి. ముందే తెరిస్తే కాగితం బాగుపడుతుంది గాని, వచ్చే వారం అదే ‘ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్’ మళ్లీ నా బల్ల మీదికి వస్తుంది.