చేతులు కుదరని పిల్లవాడితో వీఆర్ ఆట: మా ఇంట్లో చేసే పద్ధతి

మాది కావలి. మా పెద్దాడికి పదకొండేళ్లు. ఏడేళ్లు వచ్చినా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు, అన్నం ఒళ్లో పోసుకునేవాడు. చుట్టాలు సోమరి అన్నారు, నేనూ రెండు దెబ్బలు వేశాను. అది డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అని, అంటే ఒంటి కదలికలు కుదురుగా రాని సమస్య అని, బడికెళ్లే వందమంది పిలకాయల్లో అయిదారుగురికి ఉంటుందని నెల్లూరులో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పించే నిపుణురాలు) చెప్పారు. ఆ దెబ్బలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

వీఆర్ అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని, అందులో చుట్టూ కనపడే బొమ్మల లోకంలో ఆడే ఆట. అది మొదలుపెట్టింది ఆ థెరపిస్ట్ సరేనన్నాకే. మీరూ ముందు అడగండి. ఫిట్స్ వచ్చే పిల్లలైతే డాక్టరు ఒప్పుకోకుండా పెట్టొద్దు. మా దగ్గరున్నది తమ్ముడు వాడి ఇచ్చిన మెటా క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్. అది పదేళ్లు నిండినవాళ్లకే, అదీ మన అజమాయిషీలో ఉండే అకౌంటుతో. అంతకన్నా చిన్నవాళ్లయితే కింద చెప్పే బూర (బెలూన్) ఆటతోనే మొదలుపెట్టండి.

హాల్లో ఆరున్నర అడుగుల చదరం ఖాళీ చేయండి. ఫ్యాన్ కిందికి ఉంటే పిల్లవాడిని దానికి పక్కగా నిలబెట్టండి. మధ్యలో జారని చిన్న డోర్‌మ్యాట్ వేసి, చెప్పులు లేకుండా దానిమీద నిలుచోమనండి. హెడ్‌సెట్ పెట్టాక గది కనపడదు కదా, పాదం కింద గరుకు తగిలితేనే తను ఎక్కడున్నాడో తెలుస్తుంది. హెడ్‌సెట్ అరకిలో ఉంటుంది. పైపట్టీ సరిచేయకపోతే బరువంతా ముక్కుమీద పడుతుంది. చేతిలో పట్టుకునే కంట్రోలర్ తాడు మణికట్టుకు తగిలించాలి. హెడ్‌సెట్‌లో బొమ్మను ఫోన్‌కి పంపిస్తే (కాస్ట్ చేస్తే) వాడు చూసేది మనకూ కనపడుతుంది.

మేం ఆడించేది బీట్ సేబర్. పాటతోపాటు ఎదురొచ్చే దిమ్మెలను రెండు చేతుల్లో కనపడే కత్తులతో నరకాలి. 'ఈజీ' పెట్టి, మాడిఫయర్స్ అనే సెట్టింగుల్లో 'నో ఫెయిల్' (తప్పినా ఆట ఆగదు), 'స్లోయర్ సాంగ్' (పాట మెల్లగా నడుస్తుంది) ఆన్ చేయండి. బంతి ఎక్కడికి వస్తుందో ముందే లెక్కగట్టి చెయ్యి కదపడమే ఈ పిల్లలకు కష్టం. వీధిలో క్రికెట్ ఆడేవాళ్లు వీడికోసం మెల్లగా వెయ్యరు. ఇక్కడ వేగం మన చేతిలో ఉంటుంది, తప్పినా ఎవరూ నవ్వరు. వాడు భయపడకుండా చెయ్యి చాపడం నేను మొదటిసారి చూసింది ఈ ఆటలోనే.

మొదటిరోజు తెలియక రోలర్ కోస్టర్ ఆట పెట్టాను. వాంతి చేసుకున్నాడు. ఒళ్లు కదలకుండా కళ్లముందు మాత్రం అన్నీ పరుగెడితే తల తిరుగుతుంది. అందుకే నిలబడి ఆడేవే పెట్టండి, మొదట పది నిమిషాలే. ఆవలింతలు వస్తున్నా, మొహం పాలిపోయినా అక్కడితో ఆపేయండి.

వీఆర్ ఆట అయ్యాక వచ్చే పావుగంట ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఆటలో కత్తికి బరువు లేదు, వేళ్లు ముడిచి దేన్నీ పట్టే పని లేదు. అందులో ఎంత బాగా ఆడినా నిజం బంతి దానంతట చేతికి రాదు. హెడ్‌సెట్ తీసి నీళ్లు తాగించి, వెంటనే బూర ఎగరేసి పట్టించండి. అది కుదిరాక పాతచీర గుడ్డతో చుట్టిన బంతి, ఆ తర్వాత టెన్నిస్ బంతి. మావాడు గుడ్డబంతి పదిసార్లకి ఏడుసార్లు పడుతున్నాడు. టెన్నిస్ బంతి ఇంకా ఛాతీకే తగులుతోంది.

షూ లేసులకు మాత్రం వీఆర్ పనికిరాలేదు. దానికి రోజూ బడికి ముందు అయిదు నిమిషాలు వాకిట్లో మెట్టుమీద కూర్చుంటాం, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది ముడేసిన లేసులతో.