విశాఖ ఉక్కపోతలో హాఫ్ మారథాన్‌కి ఎలా సిద్ధమవ్వాలి?

విశాఖలో నేవీ మారథాన్ నవంబర్, డిసెంబర్ ప్రాంతంలో వస్తుంది. ఆగస్టులో మొదలుపెడితే 21.1 కిలోమీటర్లకు టైమ్ సరిపోతుంది. ఇది ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలిగే వాళ్లకే. అది రాకపోతే ముందు దాని సంగతి చూసుకోండి.

సామాను: కాలికి పట్టే రన్నింగ్ షూ, కాటన్ కాని టీషర్టు, బ్రేకులు పనిచేసే సైకిల్. అంతే.

వారం ప్లాన్: మంగళ, గురువారాలు తేలిగ్గా 5 నుంచి 7 కిలోమీటర్లు. శనివారం సైకిల్. ఆదివారం లాంగ్ రన్, 8తో మొదలుపెట్టి వారానికి ఒక కిలోమీటరు పెంచుతూ 18 దాకా. ప్రతి నాలుగో వారం కాస్త తగ్గించాలి. మిగతా రోజులు పరుగు ఊసెత్తకండి. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కాబట్టి తారు రోడ్డు మీదే పరుగెత్తండి. ఇసుకలో పరుగెత్తితే కాళ్లు గట్టిపడతాయని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. పిక్క పట్టేశాక వాళ్లెవరూ కనిపించరు.

ఇక అందరూ చెడగొట్టేది ఆదివారం లాంగ్ రన్. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పెట్టిన స్పీడు చూసి ఇక్కడా అదే పెడతారు. అక్కడి పొద్దుటి గాలి వేరు. ఇక్కడ గాలిలోనే తేమ నిండి ఉంటుంది, కారిన చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకపోతే వేడి లోపలే ఉండిపోతుంది, దాన్ని బయటికి పంపడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోలాలి. అందుకే స్పీడు అదే ఉన్నా ఆయాసం పెరుగుతూ పోతుంది. అది మీ చేతగానితనం కాదు, ఉక్క.

కాబట్టి లాంగ్ రన్ రోజు వాచీలో స్పీడు చూడొద్దు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, అదే కొలత. మాట మధ్యలో తెగితే తగ్గించండి, అవసరమైతే నడవండి. తెన్నేటి పార్కు దాటాక రోడ్డు ఎత్తుపల్లాలు మొదలవుతాయి, ఎత్తులో నడిస్తే పరువేం పోదు. తల తిరిగినా, వణుకు వచ్చినా, చెమట ఆగిపోయినా ఆ రోజుకి పరుగు అయిపోయినట్టే. నీడకి వెళ్లి తలమీద నీళ్లు పోసుకోండి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా పక్కవాళ్లు ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నీళ్ల విషయంలో ఇంకో పొరపాటు చేస్తారు. ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగిందంటే అతిగా తాగారన్నమాట. లీటరు నీళ్లకి అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార కలిపి, దాహాన్ని బట్టి గుక్క గుక్కగా తాగండి. బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. పరుగయ్యాక బోండం కొట్టించుకోవడం మన ఊరి అలవాటు. మంచిదే గానీ, అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. నేనైతే చిటికెడు ఉప్పు వేయందే తాగను, మీరూ తాగొద్దు.

శనివారం సైకిల్‌కి భీమిలి రోడ్డును మించింది లేదు. మోకాళ్లకి దెబ్బ తగలకుండా దమ్ము పెరుగుతుంది. జిమ్‌లో నిలబడిపోయిన సైకిల్ తొక్కి ఇదే ఫలితం అనేవాళ్లకి ఎదురుగాలి ఎలా ఉంటుందో తెలీదు. ఆగస్టులో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, భీమిలి వెళ్లేటప్పుడు వీపున తోస్తుంది. ఆ హుషారులో మొత్తం బలం అక్కడే ఖర్చుపెట్టేస్తే రుషికొండ దగ్గరికి తిరిగొచ్చేసరికి కాళ్లు కదలవు. సగం బలం తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. ఇంటికి రాగానే సైకిల్‌ని మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైన్ ఆరాక నూనె వేయండి. రేపు చేద్దాం అనుకుంటే ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది.